గంపగుత్త బేరం, ఏరుకునే బేరం: దేవరకొండ డబ్బాలోని 58 క్రికెట్ కార్డుల కేసు

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సు నడిపిన అనుభవంతో, గత కొన్నేళ్లుగా పాత కాగితపు వస్తువులను, ముఖ్యంగా ఆటగాళ్ల కార్డులను పరీక్షించి, అమ్మేవారికీ కొనేవారికీ మధ్య ధర కుదర్చడం నా పనుల్లో ఒకటిగా మారింది. అసలుదా నకిలీదా అని తేల్చడం ఈ పనిలో సులువైన భాగం. ఇద్దరూ నష్టపోయామని అనుకోకుండా ఒక అంకె దగ్గరకు వచ్చేలా చూడడమే కష్టం. 2023 వానాకాలంలో నా దగ్గరకు వచ్చిన ఒక డబ్బా విషయంలో నేను చేసిన తప్పునూ, తర్వాత దాన్ని సరిదిద్దుకున్న పద్ధతినీ ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇలాంటి బేరాలకు కూర్చునే వారికి ఆ లెక్క పనికొస్తుందని నా నమ్మకం.

డబ్బా యజమాని దేవరకొండలో ఉండే విశ్రాంత ఉపాధ్యాయుడు. ఆయన తాతగారు స్వాతంత్ర్యానికి ముందు సికింద్రాబాద్ కంటోన్మెంటులో ఒక క్యాంటీన్ గుమాస్తాగా పనిచేశారు. అక్కడి సిపాయిలు పారేసిన సిగరెట్ పెట్టెల్లోంచి బొమ్మల కార్డులు ఏరి, ఒక రేకు డబ్బాలో దాచిపెట్టారు. పాత ఇల్లు విప్పుతున్నప్పుడు అటక మీద ఆ డబ్బా దొరికింది. కొనడానికి ముందుకొచ్చిన వ్యక్తి మహబూబ్‌నగర్‌కు చెందిన ముప్పై ఏళ్ల యువకుడు. జడ్చర్ల దగ్గర ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తూ, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నాటి క్రికెట్ కార్డులను శ్రద్ధగా సేకరిస్తున్నాడు.

సార్ మొదట ఫోన్‌లో అడిగిన ధర ఐదు లక్షలు. అది అత్యాశ అనడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే ఆయన విన్న వార్తలు నిజమైనవే. 1952లో అమెరికాలోని టాప్స్ కంపెనీ అచ్చువేసిన మికీ మాంటిల్ బేస్‌బాల్ కార్డు ఒకటి 2022 ఆగస్టులో 1.26 కోట్ల డాలర్లకు, అంటే అప్పటి మారకంలో సుమారు 100 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయింది. అదే నెలలో హోనస్ వాగ్నర్ అనే పాత బేస్‌బాల్ ఆటగాడి కార్డు ఒకటి 72.5 లక్షల డాలర్లు పలికింది. వాగ్నర్ కార్డు కూడా సిగరెట్ పెట్టెలో వచ్చినదే కాబట్టి, తన డబ్బాలోని కార్డులు కూడా అదే జాతివని సార్ అనుకోవడంలో వింత లేదు. కానీ ఆ రెండింటి ధరకూ వయసు కారణం కాదు. 1909లో మొదలైన ఆ సిగరెట్ కార్డుల వరుసలో తన బొమ్మ వాడటానికి వాగ్నర్ ఒప్పుకోకపోవడంతో ఆయన కార్డు అచ్చు త్వరలోనే ఆగిపోయింది, ఇప్పుడు మిగిలినవి కొన్ని పదులే. 1952 నాటి కార్డుల్లో అమ్ముడుపోని పెట్టెలను టాప్స్ సంస్థ 1960లో సముద్రంలో పారబోయించింది. పైగా 100 కోట్లు పలికిన ఆ మాంటిల్ కార్డు నిన్న అచ్చయినంత శుభ్రంగా ఉంది.

సార్ డబ్బాలోనివి ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ కేంద్రంగా పనిచేసిన జాన్ ప్లేయర్ అండ్ సన్స్ సిగరెట్లతో వచ్చిన క్రికెటర్ల కార్డులు, 1934 సెట్టులోవి కొన్ని, 1938 సెట్టులోవి కొన్ని. రెండింటిలోనూ యాభై చొప్పున కార్డులు ఉంటాయి. ఆ కంపెనీ సిగరెట్లు లెక్కకు మించి అమ్ముడుపోయాయి కాబట్టి ఈ కార్డులు కూడా లక్షల సంఖ్యలో జనం చేతుల్లోకి వెళ్లాయి. కాగితం కొరత వల్ల 1940లో బ్రిటన్ ప్రభుత్వం సిగరెట్ కార్డులను ఆపించే నాటికి, వాటిని దాచుకోని ఇల్లు అక్కడ అరుదు. అందుకే ఇప్పటికీ ఇంగ్లండులో మామూలు స్థితిలో ఉన్న పూర్తి సెట్టు కొన్ని పదుల పౌండ్లకే దొరుకుతుంది. తొంభై ఏళ్ల వయసు ఉండీ అరుదు కాని వస్తువును అమ్మవలసి రావడం, ఆ వస్తువు మీద తాతగారి చేతి ముద్ర ఉన్న కుటుంబానికి బాధగానే ఉంటుంది. ఆ మాటను నేను ఫోన్‌లో కాకుండా ఎదురుగా కూర్చుని చెప్పి ఉండవలసింది.

నా తప్పు అక్కడే జరిగింది. మరుసటి రోజు సార్ కొడుకు ఫోన్ చేసి, ఉజ్జాయింపుగా ఏమొస్తుందో ఒక్క మాట చెప్పమని అడిగాడు. 1934 పూర్తి సెట్టును ఇంగ్లండు నుంచి తెప్పించుకుంటే పోస్టేజీ, కస్టమ్స్ సుంకం కలిపి ఇంటికి చేరేసరికి దాదాపు పది వేల రూపాయలు అవుతుందని నా లెక్క. దాన్ని యాభైతో భాగించి, కార్డుకు రెండు వందలు పడొచ్చని నోరు జారాను. వాళ్లు ఆ రెండు వందలను 58 కార్డులతో హెచ్చవేసి 11,600 రూపాయలని కాగితం మీద రాసుకున్నారు. పూర్తి సెట్టు సగటు వేరు, సగం సెట్టులోని ఒక కార్డు ధర వేరు అన్న సంగతి నేను చెప్పనేలేదు. ఒకసారి చెవిన పడిన అంకె ఎంత పొరపాటుదైనా, ఆ తర్వాత జరిగే ప్రతి మాటకూ అదే కొలబద్ద అవుతుంది. వస్తువును చేతిలోకి తీసుకోకముందు అంకె చెప్పకూడదన్న నియమాన్ని ఆ రోజు నుంచి నేను తప్పలేదు.

ఇద్దరూ మా ప్రెస్సుకు వచ్చిన ఆదివారం, ధర ఊసెత్తకుండా మొదట మూడు గంటలు పరీక్షకే కేటాయించాను. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే కాగితంలో తెల్లదనం కోసం మెరుపు రసాయనాలు కలపడం మొదలైంది కాబట్టి, దొంగ నోట్లను పట్టుకోవడానికి దుకాణాల్లో వాడే నీలి దీపం కింద పెడితే కొత్త కాగితం తెల్లగా వెలుగుతుంది, యుద్ధానికి ముందు నాటి కాగితం వెలగకుండా, మట్టి రంగులోనే ఉండిపోతుంది. అన్ని కార్డులూ ఆ పరీక్షలో నిలబడ్డాయి. తర్వాత వెర్నియర్ కాలిపర్‌తో ప్రతి కార్డునూ కొలిచాను. ఆ కాలపు మామూలు సిగరెట్ కార్డు దాదాపు 68 మిల్లీమీటర్ల పొడవు, 36 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. మాసిన అంచును కత్తిరించి కొత్తగా చూపించే అలవాటు ఈ వ్యాపారంలో ఉంది, కాబట్టి ఒక మిల్లీమీటరు తగ్గినా అనుమానించాలి. ఈ డబ్బాలో అలాంటిదేమీ కనిపించలేదు. అడుగున ఉన్న కొన్ని కార్డులకు మాత్రం రేకు తుప్పు మరకలు అంటుకుని ఉన్నాయి.

లెక్క ఇలా తేలింది. 1934 సెట్టువి 31, అందులో రెండు జంట కార్డులు, అంటే ముందే ఉన్నవాటికి రెండో ప్రతులు, కాబట్టి వేర్వేరువి 29. వాటిలో ఆస్ట్రేలియా దిగ్గజం డాన్ బ్రాడ్‌మన్ ఉన్నాడు, నవాబ్ ఆఫ్ పటౌడీ ఉన్నాడు. 1938 సెట్టువి 27, అందులో విడిగా ఉన్నవి 18, మిగిలిన తొమ్మిది ఒకదానికొకటి అతుక్కుపోయి ముద్దగా ఉన్నాయి. 1938 నాటి కార్డుల వెనుక ఆల్బంలో అంటించుకోవడానికి జిగురు పూసి ఉండేది. ఎనభైకి పైగా వానాకాలాల తేమ అటక మీది డబ్బాలోకి చేరినప్పుడు ఆ జిగురు తన పని తాను చేసుకుపోయింది. విడి కార్డుల్లో ఇంగ్లండు ఆటగాడు లెన్ హట్టన్ ఉన్నాడు కానీ బ్రాడ్‌మన్ లేడు. ఉంటే ఆ ముద్దలోనే ఉండాలి.

స్థితి గురించిన వాదన నిజానికి ధర గురించిన వాదనే, కానీ దాన్ని ధర కంటే ముందే ముగించడం మంచిది. 1934 బ్రాడ్‌మన్ కార్డుకు ఒక మూల మడత ఉంది. సార్ దృష్టిలో అది చిన్న మడత, కొనేవాడి దృష్టిలో అది కార్డును చంపేసిన గీత. నేను బల్లదీపాన్ని పక్కకు వంచి, వెలుతురు కార్డు మీదుగా ఏటవాలుగా పారేలా పెట్టి ఇద్దరికీ చూపించాను. మడత అంచు దగ్గరే ఆగింది, ముఖం దాకా రాలేదు, రంగు పగలలేదు. ముఖం మీదుగా వెళ్లే మడతకూ, మూలలో ఆగిన మడతకూ కొనేవారు ఇచ్చే విలువలో చాలా తేడా ఉంటుంది. ఒకే దీపం కింద ఇద్దరూ ఒకేసారి చూశారు కాబట్టి, ఆ తర్వాత ఆ మడత గురించి ఎవరూ నోరెత్తలేదు. యువకుడు అమెరికాలో 1991 నుంచి కార్డుల స్థితికి మార్కులు వేస్తున్న పీఎస్‌ఏ సంస్థకు పంపి ఒకటి నుంచి పది వరకు ఉండే మార్కుల్లో ఎంత వస్తుందో తేల్చుకోవాలన్న ఆలోచన తెచ్చాడు. నేను వద్దన్నాను. రానూపోనూ ఖర్చు, సుంకం, రుసుము కలిపితే ఈ స్థాయి కార్డు ధరనే మింగేస్తాయి.

అప్పుడు బేరం మొదలైంది.

"సార్, నాకు రెండే కావాలె. బ్రాడ్‌మన్, పటౌడీ. మూడు వేలు ఇస్త. మిగతావి మీ దగ్గర్నే ఉంచుకోండి" అన్నాడు యువకుడు.

"డబ్బాల అసలు సరుకే ఆ రెండు కదా తమ్మీ. అవి తీస్కపోతే ఈ మిగిలినయి నేనేం జేసుకోవాలె?" అన్నారు సార్.

సార్‌కు కార్డుల గురించి తెలియదు కానీ, ఆ ఒక్క మాటతో కేసు మొత్తాన్నీ పట్టుకున్నారు. ఆయనకు పదెకరాల బత్తాయి తోట ఉంది. వ్యాపారి వచ్చి పెద్ద కాయ ఏరుకుంటానంటే ఒక ధర, తోట మొత్తం గుత్తకు పట్టుకుంటానంటే ఒక ధర అని ఆయనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పెద్ద కాయ ఏరి ఇచ్చిన రైతుకు మిగిలిన చిన్న కాయ జ్యూస్ బండి ధరకే పోతుంది. ఆ నష్టాన్ని ఏరుకున్నవాడి ధరలోనే కలపకపోతే రైతు మునుగుతాడు. కార్డుల సేకరణలో కూడా ఇదే జరుగుతుంది, కానీ దీన్ని అంకెల్లో చూపించేవారు తక్కువ.

నేను ఒక తెల్ల కాగితం తీసుకుని ఇద్దరి ముందూ లెక్క వేశాను. 1934 బ్రాడ్‌మన్‌కు మడత లేకుంటే 2,500, ఉంది కాబట్టి 1,800. పటౌడీకి 1,400. మిగిలిన 27లో శుభ్రంగా ఉన్న 19కి నూట పది చొప్పున 2,090, తుప్పు, మాసిన మరకలు ఉన్న ఎనిమిదింటికి అరవై చొప్పున 480. జంట కార్డులు రెండింటికి 120. 1938 సెట్టులో హట్టన్‌కు 400, మిగిలిన పదిహేడింటికి ఎనభై చొప్పున 1,360. విడి కార్డులు 49కి కలిపి 7,650 రూపాయలు. ఈ అంకెలకు పైకప్పు ఒకటి ఉంది. బ్రాడ్‌మన్‌తో సహా యాభై కార్డుల పూర్తి సెట్టు ఇంటికి చేరడానికి పది వేలే అయినప్పుడు, మామూలు స్థితిలో ఉన్న ఒక్క బ్రాడ్‌మన్ కోసం ఐదు వేలు ఎవరూ పెట్టరు. పూర్తి సెట్టు ధర తెలియకుండా విడి కార్డు ధర చెప్పడమే ఈ రంగంలో నేను ఎక్కువగా చూసే పొరపాటు. ఇంటర్నెట్‌లో ఎవరో అడుగుతున్న ధరను చూపించి ఇదే విలువ అనడం రెండో పొరపాటు. అడిగే ధరకు హద్దు ఉండదు, చేతులు మారిన ధరే లెక్కలోకి వస్తుంది.

తర్వాత రెండో లెక్క. ఆ రెండు కార్డులు ఏరుకుంటే మిగిలిన 47కి కాగితం మీద 4,450 కనిపిస్తుంది. కానీ పెద్ద పేర్లు లేని సగం సెట్టును కొనేవాడు దొరకడం కష్టం, దొరికినా సగానికే అడుగుతాడు. అంటే సార్‌కు సుమారు 2,200 తరుగు. ఆ తరుగు ఏరుకున్నవాడే భరించాలి కాబట్టి, రెండు కార్డులకు న్యాయమైన ధర 3,200 కాదు, దాదాపు 5,400. యువకుడి ముందు రెండు దారులు పెట్టాను: రెండే కావాలంటే 5,400, మొత్తం కావాలంటే 7,650 చుట్టూ బేరం. రెండు కార్డులకు మూడు వేలన్న అతని మొదటి మాట మోసం కాదు. విడి విలువకు దగ్గరగానే ఉంది. కానీ మిగిలిన సరుకు గతి ఏమిటన్న ప్రశ్న అందులో లేదు.

ఇక్కడ ఒక విషయం సార్‌కు చెప్పాలా వద్దా అని కాసేపు ఆలోచించాను. ఇంగ్లండులో పటౌడీ కార్డుకు మిగతా మామూలు కార్డుల కంటే పెద్దగా ఎక్కువ ఎవరూ పెట్టరు, ఎందుకంటే అక్కడ ఆయన వూస్టర్‌షైర్ ఆటగాళ్లలో ఒకరు. మన దగ్గర సంగతి వేరు. 1932 డిసెంబరులో సిడ్నీలో ఇంగ్లండు తరఫున తన మొదటి టెస్టులోనే 102 పరుగులు చేసి, 1946లో భారత జట్టుకు నాయకుడిగా ఇంగ్లండు వెళ్లిన ఆయన కార్డును మన సేకర్తలు వెతికి మరీ కొంటారు. ఆయన కుమారుడు మన్సూర్ అలీ ఖాన్ హైదరాబాద్ తరఫున రంజీ ఆడినందువల్ల మన ప్రాంతంలో ఆ ఇంటిపేరుకు మరికొంత ఆదరణ ఉంది. యువకుడికి ఇది తెలుసు, సార్‌కు తెలియదు. నేను చెప్పాను. పటౌడీకి 1,400 వేసింది అందుకేనని ఇద్దరికీ వివరించాను.

"అన్నా, మీరు ఎవరి దిక్కు మాట్లాడుతున్నరు?" అని యువకుడు నొచ్చుకున్నాడు.

అతని బాధ నాకు అర్థమైంది. ఏళ్ల తరబడి చదివి సంపాదించిన జ్ఞానంతో తక్కువకు కొనగలగడం సేకర్తకు దక్కే న్యాయమైన లాభమే, అతను ఒంటరిగా దేవరకొండ వెళ్లి కొని ఉంటే నేను తప్పు పట్టేవాడిని కాదు. కానీ నేను ఇద్దరి దగ్గరా రెండు వందల యాభై చొప్పున రుసుము తీసుకున్నాను. ధరలో వాటా కాకుండా ముందే నిర్ణయించిన రుసుము తీసుకోవడానికి కారణం, అంకె పెరిగినా తగ్గినా నాకు పట్టింపు ఉండకూడదన్నదే. ఇద్దరి డబ్బు తీసుకున్నప్పుడు నాకు తెలిసింది ఇద్దరికీ తెలియాలి. అదే కారణంతో, ఆ పటౌడీ కార్డు నాకూ నచ్చిందని, అయితే ఈ బేరంలో నేను కొనేవాడిగా ఉండనని మొదటే చెప్పాను.

ఆ తర్వాత బేరం మామూలు బేరంలాగే నడిచింది. యువకుడు మొత్తానికి ఆరు వేలన్నాడు. సార్ కొడుకు 11,600 కాగితం తీశాడు. అది నా నోటి నుంచి వచ్చిన తప్పుడు అంకె అని, ఎక్కడ తప్పిందో విడమరిచి, కొడుకుకు క్షమాపణ చెప్పాను. సార్ 9,500కి, తర్వాత 8,500కి దిగారు. యువకుడు ఏడు వేలకు వచ్చి చాలాసేపు కదలలేదు. చాయ్ వచ్చింది, తాగారు. ఈలోగా సార్ డబ్బా మూత తిప్పి, లోపలి వైపు మేకుతో గీసిన తాతగారి పేరును ఉర్దూ అక్షరాల్లో చూపించారు. యువకుడు దాన్ని చాలాసేపు చూసి, డబ్బా తనకు వద్దని, అది ఇంట్లోనే ఉండాలని, కార్డులకు ఎనిమిది వేలు ఇస్తానని అన్నాడు. సార్ ఒప్పుకున్నారు. నా లెక్క కంటే 350 ఎక్కువ. డబ్బాతో సహా తీసుకుని 7,650 ఇచ్చి ఉంటే సార్ ఒప్పుకునేవారు కాదని నా అభిప్రాయం.

డబ్బు చేతులు మారే ముందు ఒక అడ్డంకి వచ్చింది. నేను అలవాటుగా అడిగే ప్రశ్న అడిగాను: తాతగారి వస్తువు కదా, ఇంకెవరికైనా వాటా ఉందా? అచ్చంపేటలో సార్ అక్కగారు ఉన్నారు. ఆమెకు ఈ సంగతి తెలియదు. ఎనిమిది వేల కోసం అక్కను అడగాలా అని కొడుకు అన్నాడు కానీ, సార్ వెంటనే ఫోన్ చేశారు. ఆమె అమ్మడానికి ఒప్పుకుని, జంట కార్డుల్లో ఒకటి తనకు దాచమన్నారు. యువకుడు ఆ కార్డును తీసి సార్ చేతిలో పెట్టాడు, ధర తగ్గించమని అడగలేదు. వెయ్యి రూపాయలు బయానాగా, మిగిలినది ఫోన్‌పే ద్వారా ఇచ్చాడు. ఏ కార్డులు, ఏ స్థితిలో, ఎంతకు అన్నది రాసిన రెండు కాగితాల మీద ఇద్దరూ సంతకాలు చేశారు.

మిగిలింది ముద్ద. అందులో 1938 బ్రాడ్‌మన్ ఉండవచ్చన్న ఆశ ఇద్దరికీ ఉంది. యువకుడు తోట గుత్త పట్టినట్టు, ఏముంటే అది తనదన్న షరతు మీద వెయ్యి రూపాయలు ఇస్తానన్నాడు. పూత మీద తోట పట్టేవాడికి కనీసం చెట్లు కనిపిస్తాయి, ఇక్కడ పైన ఒకటి, కింద ఒకటి తప్ప ఏమీ కనిపించవు. బ్రాడ్‌మన్ ఉంటే సార్, లేకుంటే యువకుడు జీవితాంతం ఆ వెయ్యిని తలుచుకుంటారు. అందుకే చూడని సరుకుకు ధర కట్టకుండా ఒప్పందం వేరుగా రాయించాను: ముద్దను నేను విడదీయాలి, శుభ్రంగా వచ్చిన కార్డుకు ఎనభై, వెనుక భాగం ఊడినదానికి నలభై, చిరిగినదానికి ఏమీ లేదు, బ్రాడ్‌మన్ శుభ్రంగా వస్తే 1,200, వెనుక ఊడితే 600.

ఇలాంటి ముద్దను నీటిలో నానబెట్టకూడదు, రంగు కదులుతుంది, కాగితం ఉబ్బి పొరలుగా లేస్తుంది. మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బా అడుగున తడిపి గట్టిగా పిండిన బ్లాటింగ్ పేపర్ పరిచి, దాని మీద ప్లాస్టిక్ జల్లెడ బోర్లించి, కార్డులకు నీరు తగలకుండా పైన ఉంచాను. గాలిలోని తేమ మాత్రమే జిగురును మెత్తబరచాలి. బూజు పట్టే ప్రమాదం ఉంది కాబట్టి ఆరు గంటలకోసారి తెరిచి చూశాను. రెండో రోజు ఉదయానికి అంచులు వదులయ్యాయి. పలుచగా చెక్కిన వెదురు పుల్లతో ఒక్కొక్కటీ తీసి, బ్లాటింగ్ పేపర్ల మధ్య బరువు కింద వారం రోజులు ఆరబెట్టాను.

తొమ్మిదిలో మూడు శుభ్రంగా వచ్చాయి. మూడింటికి వెనుక అక్షరాలు పక్క కార్డుకు అంటుకుపోయాయి. మూడు చిరిగాయి. బ్రాడ్‌మన్ లేడు. ఫొటోలు ఇద్దరికీ పంపాను. ఆ సాయంత్రమే యువకుడు సార్‌కు 360 రూపాయలు పంపాడు. సార్ ఇంతకుముందు వచ్చిన ఎనిమిది వేలతో దాన్ని కలిపి, సగం, అంటే 4,180 రూపాయలు, అచ్చంపేటలోని అక్కగారికి పంపి, ఆ రసీదు నాకు కూడా పెట్టారు.